టీవీ కొనడం ఒక ఎత్తు, గోడకు బిగించడం మరో ఎత్తు

విశాఖపట్నం లాసన్స్‌బే కాలనీలోని మా ఇంటి హాలుకు తూర్పున, సముద్రం వైపు పెద్ద బాల్కనీ ఉంది. పాత 32 అంగుళాల టీవీలో వార్తల కింద పరుగెత్తే అక్షరాలు నాన్నగారి కంటికి ఆనడం మానేశాయి. పైగా 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం బదులు 18 శాతమే కావడంతో, ఇక వాయిదా వేయకుండా 65 అంగుళాల 4కే టీవీ తీసుకున్నాము.

ఆ 65 అంగుళాలు తెర మూల నుంచి మూలకు కొలిచిన లెక్క. వెడల్పు సుమారు 144, ఎత్తు 81 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ కొలతకు పాత దినపత్రికలు కలిపి గోడకు అంటించి రెండు రోజులు అలాగే ఉంచాము. గోడంతా మూసేసినట్లుందని మొదట అన్న అమ్మకు రెండో రోజు సాయంత్రానికి అది మామూలైపోయింది. తెర కొలతకు 1.2 నుంచి 1.6 రెట్ల దూరంలో కూర్చుంటే 4కే చిత్రం బాగా కనిపిస్తుంది. మా సోఫాకూ గోడకూ మధ్య ఎనిమిదిన్నర అడుగులు ఉండడంతో ఈ సైజే సరిపోయింది.

ద్వారకానగర్‌లో మేము కొన్న దుకాణంలో టీవీలన్నీ కళ్లు జిగేలుమనే వివిడ్ మోడ్‌లో నడుస్తున్నాయి. ఆ వెలుగును చూసి దేన్నీ ఎంచుకోలేము. అందుకే కైలాసగిరి మీద సాయంత్రం పూట నేను తీసిన వీడియోను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లాను. కొన్ని టీవీలలో ఆకాశం రంగు మెల్లగా మారడానికి బదులు చారలు చారలుగా విడిపోయింది. కొన్నింటిలో సముద్రం తారు పోసినట్లు నల్లబడి అలలే కనిపించలేదు. అడిగిన ప్రతి టీవీలోనూ రంగులు సహజంగా కనిపించే సినిమా మోడ్ పెట్టి, ముప్పావు గంట విసుక్కోకుండా చూపించిన అబ్బాయిని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. నాన్నగారు పక్కనున్న దివాన్ మీద కూర్చుంటారు కనుక నేను పక్కకు జరిగి మరీ చూశాను. వీఏ అనే రకం తెరలో నలుపు చిక్కగా ఉన్నా పక్క నుంచి రంగులు వెలిసిపోయాయి, ఐపీఎస్ అనే మరో రకంలో రంగులు నిలిచాయి కానీ నలుపు కాస్త బూడిద రంగుకు తిరిగింది. పగలంతా వెలుతురు నిండి ఉండే హాలు కావడం వల్ల ఐపీఎస్‌కే మొగ్గు చూపాము. ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే ఓలెడ్ తెర రెండు విధాలా బాగున్నా మా బడ్జెట్‌కు అందలేదు.

అసలు ఇబ్బంది బిగింపు దగ్గర వచ్చింది. కంపెనీ తరఫున వచ్చిన మనిషి రసమట్టం కూడా తేకుండా, అందరూ ఇంతే పెట్టించుకుంటారంటూ తెర మధ్యభాగం అయిదున్నర అడుగుల ఎత్తున వచ్చేలా గుర్తు పెట్టాడు. ఆ ఎత్తున రోజూ చూస్తే మెడ పట్టేస్తుంది. సోఫాలో కూర్చున్నవారి కంటికి సమంగా, నేల నుంచి 42 అంగుళాల దగ్గర తెర మధ్యభాగం ఉండాలని పట్టుబట్టి మార్పించాను. ఒక రంధ్రం దగ్గర ప్లాస్టరు వదులై ప్లాస్టిక్ ప్లగ్గు గిర్రున తిరిగితే, అందులో పుల్ల ముక్క దూర్చి స్క్రూ బిగించబోయాడు. ఇరవై కిలోలకు పైబడిన బరువును అలా వేలాడదీయడానికి నేను ఒప్పుకోలేదు. బ్రాకెట్‌ను రెండు అంగుళాలు పక్కకు జరిపి గట్టి ఇటుకలో రంధ్రాలు వేయించాను. ఉప్పు గాలికి మా కిటికీ ఊచలే పొరలుగా రాలుతున్నాయి, కిట్‌లో వచ్చిన మామూలు ఇనుప స్క్రూలు ఎన్నాళ్లు ఆగుతాయి? ఉప్పుకు బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు ముందే తెచ్చి ఉంచాను కాబట్టి వాటినే వాడించాను. ఇన్‌స్టలేషన్ ఉచితమని బిల్లులో ఉన్నా బ్రాకెట్‌కు విడిగా డబ్బు తీసుకున్నారు. మరునాడు దుకాణం మేనేజరుకు బిల్లు చూపిస్తే ఆ మొత్తం తిరిగి ఇచ్చారు.

చిత్రం విషయంలో పూర్తి తృప్తిగా ఉంది. సినిమా చూసేటప్పుడు కదలికలను నున్నగా చేసే ఆప్షన్‌ను ఆపేయాలి, లేకపోతే సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది. శబ్దం మాత్రం పలచన. సౌండ్‌బార్ తప్పదనిపించింది, దాని వైరును టీవీ శబ్దాన్ని బయటికి పంపే, ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎమ్‌ఐ పోర్టుకే కలపాలి. తెరను దక్షిణపు గోడకు పెట్టినా ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా బాల్కనీ వెలుగు ఒక అంచున మెరుస్తోంది. అందుకని ఆ వైపుకు మందపాటి కర్టెన్ కుట్టించడానికి ఇచ్చాము.