సెల్లార్ బెడ్రూంలో ఆయిల్ హీటర్: నాలుగు చలికాలాల తర్వాత

ఆయిల్ హీటర్ అంటే లోపల నింపిన నూనెను కరెంటుతో కాచి, ఇనుప రెక్కల గుండా అర్రకు వేడినిచ్చేది. స్విచ్ ఆపిన అరగంటకు కూడా ఆ రెక్కల దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. నాలుగు చలికాలాలు వాడినా దీని మీద ఇష్టం తగ్గకపోవడానికి కారణం అదొక్కటే. ఫ్యాన్ హీటర్ నిమిషంలో మొహానికి వేడిగాలి కొడుతుంది కానీ, ఆపిన కాసేపటికే అర్ర మళ్లీ మొదటికొస్తుంది. పడుకునే ముందు ఆపేసి, ఆ మిగిలిన వేడితో నిద్రపట్టడం ఆయిల్ హీటర్ దగ్గరే కుదురుతుంది.

అయితే అర్రను వెచ్చగా ఉంచడంలో సగం పని హీటర్‌ది కాదు. నల్లగొండలో గుట్ట వాలున కట్టిన ఇళ్లకు కింద సగం భూమిలో, సగం పైకి ఉండే అర్రలున్నాయి, ఈ సెల్లార్ బెడ్రూం అలాంటిదే. చలి భూమిలోంచి వస్తుందనుకుంటాం. కానీ మన దగ్గర లోతు మట్టి చలికాలం రాత్రుల్లో బయటి గాలి కంటే వెచ్చగానే ఉంటుంది. డిసెంబర్‌లో తెల్లారగట్ల తోడిన బావినీళ్లు గోరువెచ్చగా ఉండేది అందుకే. చలి దిగేది రోడ్డు మట్టానికి పైనున్న వెంటిలేటర్ల నుంచి, మెట్ల దర్వాజ కింది సందు నుంచి. కాళ్లకు జివ్వుమనేది నేలకు పరిచిన తాండూరు బండ.

ఈశాన్యం వైపు వెంటిలేటర్ జాలీకి లోపలి నుంచి 3 ఎంఎం పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) షీటు పెట్టి, అంచుల చుట్టూ ఫోమ్ టేపు అంటించి, నాలుగు స్క్రూలు బిగిస్తే వచ్చిన తేడా హీటర్ కొన్నప్పుడు కూడా రాలేదు. 10×12 అడుగుల అర్రకు 2000 వాట్ల బటన్ నొక్కే పని పోయింది, 1200 సరిపోతోంది. మెట్ల వైపు వెంటిలేటర్ మాత్రం తెరిచే ఉండాలి. రెండూ మూస్తే మనుషుల ఊపిరి తేమంతా తెల్లారేసరికి గోడల మీదే ఉంటుంది, తల బరువెక్కుతుంది. మంచం పక్కన చాప, దాని మీద గొంగడి పరిస్తే కాలు నేరుగా బండకు తగలదు. ఏ కార్పెట్టూ మన నల్ల గొంగడికి సాటి రాదు. హీటర్‌ను మంచం దగ్గర కాకుండా, చల్లగాలి కిందికి జారే వెంటిలేటర్ గోడ వైపు, గోడకు అడుగు దూరంలో పెట్టాలి.

ఇక మూడో చలికాలంలో వచ్చిన చిక్కు గురించి. ఒక రాత్రి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. హీటర్ బాగానే ఉంది. ప్లగ్ లాగితే ఒక పిన్ను మొదట్లో ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి మెత్తబడింది, గోడ సాకెట్‌లో ఆ రంధ్రం అంచు కరిగి సాగింది. ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్) పడలేదు, పడదు కూడా. 2000 వాట్లకు 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల లోపే. సాకెట్‌లోని ఇత్తడి రేకు వదులైతే కరెంటు పెరగదు, ఆ ఒక్క చోట వేడి పుడుతుంది. ఎంసీబీకి తెలిసేది కరెంటు పెరిగితేనే. ఇస్త్రీపెట్టెకూ గ్రైండర్‌కూ ఏళ్లుగా పెట్టి తీసిన సాకెట్‌లో ఆ రేకుకు పట్టు పోయింది. పైగా లోపల 16 ఆంపియర్ల సాకెట్‌కు లైటు పాయింటు నుంచే 1.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్లు) సన్న వైరు లాగి ఉంది. మన దగ్గర చాలా ఇళ్లలో ఇదే తంతు.

బాగు చేయించిన తీరు ఇది: బోర్డు నుంచి విడిగా 2.5 ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరు, దానికి సొంతంగా 16 ఆంపియర్ల ఎంసీబీ, ఐఎస్ఐ గుర్తున్న కొత్త సాకెట్. హీటర్ వైరును నల్లబడిన రాగి పోయి మెరిసే రాగి కనిపించేదాకా కోసి కొత్త ప్లగ్ టాప్ వేయించాలి. గ్యారంటీ ఉంటే కోయకుండా ముందు సర్వీసు సెంటర్‌లో చూపించాలి. ఎర్తు తప్పదు, ఎందుకంటే హీటర్ ఒళ్లంతా ఇనుమే. అప్పటినుంచి ఒకటే పరీక్ష: గంట నడిచాక స్విచ్ ఆపి ప్లగ్ ముట్టుకోవడం. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, వేలు నిలవకపోతే సాకెట్ మార్చాల్సిందే. వైరు పొట్టిగా ఇచ్చిన కంపెనీ మీద కోపం ఇంకా ఉంది, జనం 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు వెతుక్కునేది దానివల్లే. ఆ బాక్సుకు ఈ హీటర్ పెట్టొద్దు.

ఆయిల్ హీటర్‌కు చప్పుడే ఉండదని, గాలిని ఎండబెట్టదని అంటుంటారు. ఫ్యాన్ చప్పుడు లేదన్నది నిజమే కానీ, వేడెక్కేటప్పుడు రెక్కలు టక్కుమంటాయి, వేడిని బట్టి హీటర్‌ను ఆపి నడిపే థర్మోస్టాట్ క్లిక్ నిద్ర పలచనివాళ్లకు వినిపిస్తుంది. గాలి సంగతికొస్తే, అర్ర వెచ్చబడితే ఏ హీటర్‌తోనైనా గాలి పొడిబారుతుంది. చౌడు పట్టి పెచ్చులూడే గోడకు మాత్రం ఇది మందు కాదు. వాటర్‌ప్రూఫింగ్ ముందు, హీటర్ తర్వాత.

కరెంటు లెక్క: 1200 మీద రోజూ గంటన్నరైతే నెలకు 54 యూనిట్లు. 800 మీద రాత్రంతా 8 గంటలు ఆగకుండా నడిస్తే 192. తెలంగాణలో నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకంలో జీరో బిల్లు వచ్చే ఇంట్లో ఇది పెద్ద విషయం, ఇల్లంతా కలిపి 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. అందుకే ముసలివాళ్లో, చంటిపిల్లలో పడుకునే అర్రకైతే తీసుకోవచ్చంటాను. వయసులో ఉన్నవాళ్లకు ఆ షీటు, గొంగడి, మంచి రజాయి చాలేమో. కిరాయి ఇంట్లో వైరింగ్ మార్చనివ్వకపోతే 800 బటన్ దాటొద్దు. ఖర్చు తగ్గుతుందని బొగ్గుల కుంపటి మాత్రం మూసిన అర్రలో పెట్టొద్దు, దాని విషవాయువుకు వాసన ఉండదు.

ఫిబ్రవరిలో హీటర్‌ను తుడిచి, నిలబెట్టే దాచాలి, పడుకోబెట్టొద్దు. పడుకోబెట్టి తెస్తే నూనె కిందికి దిగేదాకా కొన్ని గంటలు నిలబెట్టాకే స్విచ్ వేయాలి. మళ్లీ చలికాలంలో తీసినప్పుడు మొదటి గంట వరండాలో నడిపితే దుమ్ము కాలిన వాసన అక్కడే పోతుంది.