హౌత్‌కి డార్ట్ రైల్లో వెళ్లొచ్చాం: 5కి 4 స్టార్లు

డబ్లిన్‌లో ఉంటూ, పక్కనే సముద్రం ఒడ్డున ఉన్న హౌత్ ఊరు ఇంకా చూడలేదంటే ఈ ఆదివారమే వెళ్లండి, కారు మాత్రం ఇంట్లోనే ఉంచండి, ఎండ కాసిన రోజు అక్కడ పార్కింగ్ దొరకడం గగనం. డబ్లిన్ కానలీ స్టేషన్‌లో డార్ట్ (లోకల్ రైలు) ఎక్కితే సుమారు అరగంట, లీప్ కార్డ్ (బస్సు, రైలు ఛార్జీలకు వాడే కార్డు) ఉంటే చాలు. బోర్డు చూసి ఎక్కండి. మేము ఒకసారి వేరే దారిలో పోయే మలహైడ్ బండెక్కి, దారులు చీలే హౌత్ జంక్షన్‌లో దిగి, హౌత్ బండి కోసం చలికి వణికాం.

నేను వెళ్లింది పరుగు కోసం. కొండ అంచున 6 కిలోమీటర్ల చుట్టుదారి ఉంది, ఆకుపచ్చ బాణాలు పట్టుకుని పోవడమే. రాళ్లు, వాన పడితే బురద, కాబట్టి వాచీలో టైమింగ్ సంగతి మర్చిపోండి. దారి మలుపులో కింద బెయిలీ లైట్‌హౌస్ కనిపించేసరికి నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. చాలాచోట్ల కంచె ఉండదు, చిన్నపిల్లలుంటే చెయ్యి వదలొద్దు.

గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యగారు రేవు దగ్గరే కూర్చున్నారు. నీళ్లలోంచి సీల్ (మీసాలుండే సముద్ర జంతువు) తల పైకి పెడితే "మన చెరువులో గేదెలా లేదూ, మీసాలొకటి ఎక్కువ" అన్నారు.

స్టార్ తగ్గించింది చేపలు, చిప్స్ అమ్మిన ఓ కొట్టు వల్ల. నలభై నిమిషాలు నిలబెట్టి మెత్తబడిపోయిన చిప్స్ ఇచ్చారు, ఉప్పు కూడా లేదు. అత్తయ్యగారు సంచిలోంచి కారప్పొడి తీసి చల్లేలోపే సీగల్ పక్షి వచ్చి పెద్ద చేపముక్క ఎత్తుకుపోయింది.