కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మధ్యాహ్నమే: రెండు ఎండాకాలాలు వాడిన మెరైన్ ట్యాంకు లైటు

చేపలూ పగడాలూ పెంచే మా ఉప్పునీటి తొట్టి మీది ఈ ఎల్‌ఈడీ ఎన్ని వాట్లు, ఎన్ని చానెళ్లు (విడివిడిగా నడిపే రంగులు) అన్నది పెట్టె మీదే ఉంటుంది. నేను చెప్పాల్సింది దాని గడియారం గురించి.

కొన్న కొత్తలో ఈ గడియారాన్నే కనిపించిన వాళ్లందరి దగ్గరా పొగిడాను. దాని టైమును బట్టే పొద్దున సన్నగా నీలం మొదలై, మెల్లగా తెలుపు కలుస్తుంది. సాయంత్రం అలాగే తగ్గుతూ పోతుంది. మామూలు ట్యూబు వేయగానే ఉలిక్కిపడి రాళ్ల సందుల్లో దూరే క్లౌన్ చేపలు, ఈ లైటు కింద వెలుతురు తగ్గేకొద్దీ వాటంతట అవే తమ మూలకు చేరుకునేవి. వేడి విషయంలోనూ తిరుపతికి ఎల్‌ఈడీయే నయం. పగడాలకు నీళ్లు 24–27 డిగ్రీల్లో ఉండాలి, ఏప్రిల్ వస్తే మా హాలే అంతకంటే ఎక్కువ కాగుతుంది. దాని మీద పాతకాలపు మెటల్ హాలైడ్ దీపం వేడి కూడానా!

మే నెలాఖరులో ఈదురుగాలీ వానా పట్టుకున్నాయి. మేం పెళ్లికని చిత్తూరులో ఉన్నాం, ఇంట్లో అమ్మ ఒక్కతే. తిరిగొచ్చాక తను మామూలుగా అంది: "రాత్రి ఒంటిగంటకు కూడా నీ తొట్టి పట్టపగల్లా వెలుగుతా ఉండిందిరా. నువ్వే అట్లా పెట్టి పోయినావనుకున్నా."

ట్యాంకు దగ్గరికి వెళ్లి చూస్తే కడుపు తరుక్కుపోయింది. అరచేయంత వెడల్పున పరుచుకునే మష్రూమ్ పగడాలు ముడుచుకుపోయి గోళీల్లా ఉన్నాయి. పువ్వుల్లా విచ్చుకునే జోయాంథస్ పగడాలు ఒక్కటీ విచ్చుకోలేదు. ఆకుపచ్చ అంచున్న మష్రూమ్ పాలిపోయి తెల్లబడింది. లైటు ప్లగ్ తీసి పెట్టాను, డిస్‌ప్లేలో 12:00. మళ్లీ తీసి పెట్టినా 12:00. అంటే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ దీనికి మిట్టమధ్యాహ్నమే! ఆ గాలివాన రోజుల్లో కరెంటు ఎన్నిసార్లు పోయిందో అన్ని మధ్యాహ్నాలు, అన్నిసార్లూ ఫుల్ వెలుతురు. పగడం ఒంట్లో ఉండే నాచు వల్లే దానికి రంగూ, తిండీ. వెలుతురు మితిమీరితే పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. తెల్లబడటం అంటే అదే.

పైగా నా దగ్గరున్నవన్నీ మెత్తటి రకాలే. రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో, అంటే రక్షిత జీవుల జాబితాల్లో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను. చెన్నై కొళత్తూరు నుంచి తెచ్చుకున్న మష్రూమ్‌లకూ జోయాంథస్‌లకూ అంత వెలుతురు అక్కర్లేదు. ఈ లైటు ఫుల్‌గా వెలిగితే రాతి పగడాలకు సరిపోయేంత ఉంటుంది, వీటికి అది శిక్షే.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, "ఇన్వర్టర్ మీద పెట్టుకోండి సార్, ప్రాబ్లం రాదు" అన్నారు. గడియారానికి చిన్న బ్యాటరీ బిళ్ల పెట్టి ఉంటే పోయేది కదా అని నా బాధ. ఇంత ధర పెట్టించుకుని అది మిగుల్చుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

తెలుపు బాగా తగ్గించి, ఎక్కువగా నీలం మీదే నడిపాను. జోయాంథస్‌లు తేరుకున్నాయి. ఆకుపచ్చ అంచుది మాత్రం కరిగిపోయింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి లైటుకు ఇన్వర్టర్ లైన్ లాగించాక గడియారం దాదాపు సరిగ్గానే నడుస్తోంది. దాదాపు అని ఎందుకంటే, గంటల తరబడి కరెంటు రాక బ్యాటరీ దిగిపోయిన రోజు మళ్లీ 12:00 చూపించింది. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను కాబట్టి వెంటనే సరిచేశాను.

ఇన్వర్టర్ ఉండి, మెత్తటి పగడాలే పెంచుతూ, రోజూ ఇంటిపట్టున ఉండేవాళ్లయితే ఈ లైటు తీసుకోవచ్చు. ఆ సాయంత్రపు నీలం కోసం నేనూ ఇంకా దీన్నే వాడుతున్నాను. ఊళ్లు తిరిగే ఉద్యోగమైతే నేను కొనమని చెప్పలేను. ఏ కంపెనీది కొన్నా, డబ్బు కట్టేముందు షాపులోనే టైమ్ పెట్టించి, ప్లగ్ తీసి, కాసేపాగి మళ్లీ పెట్టించి చూడండి.