జపాన్ వదిలే ముందు కెరీర్ కాన్ఫరెన్స్: వెళ్లడం మేలా, ఇంట్లో కూర్చుని పని చేసుకోవడం మేలా?

జపాన్‌లో ఇంగ్లిష్ టీచర్‌గా చేస్తూ, ఇక కాంట్రాక్టు పొడిగించుకోవద్దని నిర్ణయించుకున్నాక అసలు టెన్షన్ మొదలవుతుంది. విదేశీయుల్ని జపాన్ బడుల్లోకి తీసుకునే ప్రభుత్వ పథకం జెట్ ప్రోగ్రామ్‌లో కాంట్రాక్టు ఏడాదికొకసారి, అదీ గరిష్ఠంగా ఐదేళ్లు. జూలై చివర్లోనో ఆగస్టులోనో బడి వదలాలి. అలా వెళ్లిపోయే వాళ్ల కోసమే, తర్వాతి ఉద్యోగం గురించి ఉపన్యాసాలూ కంపెనీల టేబుళ్లూ ఉండే ఆఫ్టర్ జెట్ కాన్ఫరెన్స్ పెడతారు. నేను షిమానేలో ఒక చిన్న ఊరి జూనియర్ హైస్కూల్లో మూడేళ్లు ఏఎల్‌టీగా (అంటే సహాయ ఇంగ్లిష్ టీచర్‌గా) చేసి, దానికి వెళ్లొచ్చాను. పక్క ఊరి బడిలో చేసిన నా స్నేహితురాలు వెళ్లలేదు. ఇద్దరం చూసినదాన్ని బట్టి ఏది ఎవరికి మేలో చెబుతాను.

ముందు ఖర్చు సంగతి. షిమానేలోని మాత్సుయే నుంచి యాకుమో రైల్లో ఒకాయామా, అక్కడ షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కి కాన్ఫరెన్స్ జరిగే టోక్యో. రానూపోనూ 40 వేల యెన్లకు తక్కువ కాదు. హోటల్ అదనం. అందుకే బడిలో మొదట అడగాల్సింది ఒక్కటే: ఇది షుచ్చో కింద రాస్తారా, నెన్‌క్యూ పెట్టుకోవాలా? షుచ్చో అంటే ఆఫీసు పని మీద వెళ్లినట్టు, నెన్‌క్యూ అంటే మన సొంత సెలవు. షుచ్చో ఇస్తే మారు ఆలోచించకుండా వెళ్లండి. నాకు ఇవ్వలేదు. సెలవూ నాదే, డబ్బులూ నావే. అయినా వెళ్లినందుకు ఈరోజుకీ సంతోషమే. ఎందుకంటే నేను జపాన్‌లోనే వేరే ఉద్యోగం చూసుకోవాలనుకున్నాను.

అక్కడ ఉపన్యాసాలు బాగానే ఉంటాయి గానీ, వాటిలో చాలా విషయాలు ఇంట్లో కూర్చుని కూడా తెలుసుకోవచ్చు. ఇంట్లో దొరకనిది కంపెనీల టేబుళ్ల దగ్గర దొరుకుతుంది. ఒక టేబుల్ దగ్గర నడివయసు ఆవిడ నా రిరేకిషో తీసుకున్నారు. మన బయోడేటా లాంటిదే, ఫొటో అంటించి ఇవ్వాలి. ఫొటో వైపు ఓసారి, నా వైపు ఓసారి చూసి, ఒక గడి మీద వేలు ఆపారు. "షిబో దోకి" గడి అది, అంటే మా కంపెనీకే ఎందుకు రావాలనుకుంటున్నారు అని. నేను అందులో జపాన్ అంటే ఇష్టమని రాశాను. ఆవిడ మర్యాదగా అడిగారు: "బడిలో మీ అంతట మీరు మొదలుపెట్టి పూర్తిచేసిన పని ఏదైనా ఉందా?" వేసవి సెలవుల్లో ఐదుగురు పిల్లల్ని స్పీచ్ కాంటెస్ట్‌కి తయారు చేసిన సంగతి తడబడుతూ చెప్పాను. పెన్సిల్ తీసి ఆ గడి పక్కన చిన్న గుర్తు పెట్టి, "ఇది రాయండి" అన్నారు. ఆ ఉద్యోగం నాకు రాలేదు. కానీ ఆ తర్వాత రాసిన ప్రతి రిరేకిషోలో ఆ ఐదుగురు పిల్లలే ఉన్నారు.

మరి వెళ్లనివాళ్లు నష్టపోయినట్టా? కాదు. నా స్నేహితురాలు నేరుగా ఇండియా వచ్చేయాలని ముందే అనుకుంది. కాన్ఫరెన్స్‌కొచ్చే కంపెనీలు జపాన్‌లో పనిచేసే వాళ్ల కోసం చూస్తాయి కాబట్టి, ఆమెకు ఆ టేబుళ్లతో పనే లేదు. కాన్ఫరెన్స్ జరిగిన రెండు రోజులూ ఆమె పెన్షన్ కాగితాల మీద కూర్చుంది. జీతంలో కోసిన పెన్షన్ డబ్బు దేశం వదిలాక రెండేళ్లలోపు అడిగితేనే వెనక్కి వస్తుంది. అందులో 20.42 శాతం పన్ను కోసేస్తారు. ఆ పన్ను కూడా తిరిగి రాబట్టాలంటే, మన తరఫున పన్ను ఆఫీసుతో వ్యవహరించే మనిషిని అక్కడ పెట్టుకోవాలి. విమానం ఎక్కేముందే ఆ పని అయిపోతే హాయి. మన వాళ్లు ఇక్కడ ఇంకోటి చూసుకోవాలి. భారత్, జపాన్ మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2016 అక్టోబరు నుంచి అమల్లో ఉంది, దాని వల్ల రెండు దేశాల్లో పెన్షన్ కట్టిన ఏళ్లను కలిపి లెక్కిస్తారు. జపాన్ పెన్షన్ డబ్బు ఒకేసారి తీసేసుకుంటే, ఆ ఏళ్లు ఇక పెన్షన్ లెక్కలోకి రావు. వయసునీ, మళ్లీ జపాన్ వెళ్లే ఉద్దేశాన్నీ బట్టి తేల్చుకోవాల్సిన విషయం ఇది. స్నేహితురాలు డబ్బే తీసుకుంది, ఆమె పరిస్థితిలో అదే సరైనదని నాకూ అనిపించింది.

జపాన్‌లోనే ఉండాలనుకునే వాళ్లకు నేను గట్టిగా చెప్పేది వెళ్లమనే. బడి వీసా మీద కంపెనీలో చేరడం కుదరదు, వీసా రకం మార్చుకోవాలి. చాలా కంపెనీలు జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్2 స్థాయి అడుగుతాయి. కొత్తవాళ్లను ఏప్రిల్ 1న చేర్చుకుంటారు, మన కాంట్రాక్టేమో ఆగస్టులో అయిపోతుంది. మధ్యలో ఎవరు తీసుకుంటారో నాకు ఆ హాల్లో మనుషుల్ని అడిగితేనే తెలిసింది.

ఉండాలో వెళ్లాలో తేలని వాళ్లు మాత్రం సొంత డబ్బు పెట్టుకుని వెళ్లొద్దు. జెట్ పూర్వ టీచర్ల సంఘానికి వివిధ దేశాల్లో 50కి పైగా శాఖలున్నాయి. ముందు అందులో ఇద్దరితో ఫోన్లో మాట్లాడండి.

వెళ్లేవాళ్లు రిరేకిషో నాలుగైదు కాపీలు పట్టుకెళ్లండి. షిబో దోకి గడి పెన్సిల్‌తో నింపుకోండి. రైల్లో టోక్యోకి కాస్త ముందొచ్చే షిన్-యోకోహామా స్టేషన్ వచ్చేలోపు, బడిలో మీరు చేసిన ఒక పని గురించి నాలుగు జపనీస్ వాక్యాలు తడుముకోకుండా చెప్పగలిగేదాకా మననం చేసుకోండి.