కాలవగట్టు మీద 32 ఎంఎం టైర్లు

ధవళేశ్వరం ఆనకట్ట దాటి, బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా రావులపాలెం దాకా కాలవ వెంబడి సైకిల్ తొక్కడం నాకు ప్రాణం. ఎత్తుపల్లాలు లేవు కానీ ఎదురుగాలి బాగా ఇబ్బంది పెడుతుంది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. గింజలు తొక్కకూడదని పక్కకి దిగితే గతుకులే. పాత 25 ఎంఎం వెడల్పు టైర్లతో అరచేతులు తిమ్మిరెక్కేవి, లొల్ల లాకుల దగ్గర రెండుసార్లు పంక్చర్ అయింది కూడా. ఈ 32 వేయించాక గాలి ఒత్తిడి 60 పీఎస్‌ఐకి తగ్గించాను. మట్టిలోకి దిగినా హ్యాండిల్ వణకడం లేదు, ఎంత హాయిగా ఉందో! కొనేముందు మాత్రం ఫ్రేములో, బ్రేకుల కింద చోటుందో లేదో కొలుచుకోండి, మా స్నేహితుడి సైకిల్‌కి పట్టలేదు. నున్నటి రబ్బరు కాబట్టి తడి బంకమట్టిలో జారుతున్నాయి. వానాకాలంలో తారురోడ్డు దిగకండి.