నాలుగేళ్లుగా వాడుతున్న పొట్టి రాచెట్

అల్మరా తలుపుల కీళ్లన్నీ ఒకే పూట మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పి బిగించాక మణికట్టు రెండు రోజులు పనిచేయలేదు. అప్పుడు కొన్నాను ఈ అరచేతిలో ఇమిడే రాచెట్‌ని, అంటే ఒక వైపు తిప్పితే స్క్రూని తిప్పి, వెనక్కి తిప్పితే పిడి మాత్రమే వచ్చే స్క్రూడ్రైవర్‌ని. ఇప్పటికి నాలుగేళ్లు దాటింది.

కొనేటప్పుడు నేను చూసింది బిట్లు (మార్చి పెట్టుకునే మొనలు) ఎన్ని వస్తాయనే. అది దండగ లెక్క. ఇరవై పైచిలుకు బిట్లలో నేను వాడేవి నాలుగే: పీహెచ్1, పీహెచ్2 (మామూలు ప్లస్ ఆకారం, ఫిలిప్స్), పీజడ్2 (పోజిడ్రైవ్), ఒక చదునుది. విడిభాగాలుగా వచ్చే ఫర్నిచర్ స్క్రూల మీద చాలావాటికి ప్లస్ గీతల మధ్య సన్నగా మరో నాలుగు గీతలుంటాయి. వాటికి పీజడ్ పెట్టాలి. అది తెలియక పీహెచ్2తోనే బలంగా తిప్పి రెండు స్క్రూల తలలు అరగదీశాను. బిట్‌ని పట్టే హోల్డర్ మాత్రం పావు అంగుళం షట్కోణానిది కావాలి, అప్పుడు ఏ బిట్ అరిగినా కొత్తది విడిగా దొరుకుతుంది.

నాదానికి రాచెట్ లోపలి చక్రానికి 72 పళ్లు, అంటే 5 డిగ్రీలకో టిక్కు. 24 పళ్లదైతే 15 డిగ్రీలు తిప్పితేగానీ తర్వాతి పన్ను అందదు. సింకు కింద చెయ్యి సరిగా ఆడనిచోట ఆ తేడా బాగా తెలుస్తుంది.

అయితే పళ్లకన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. స్క్రూ వదులయ్యాక పిడిని వెనక్కి తిప్పితే బిట్ కదలకుండా ఉండాలి. రాచెట్ బిరుసుగా ఉంటే స్క్రూ కూడా దాంతోపాటే వెనక్కి వస్తుంది. ఎంత తిప్పినా ఉన్నచోటే ఉంటుంది, మనకేమో చిరాకు. కొనేముందు బిట్‌ని రెండు వేళ్లతో తేలిగ్గా పట్టుకుని పిడి వెనక్కి తిప్పి చూడండి. వేళ్లలోంచి బిట్ తిరిగిపోతే దాన్ని అక్కడే పెట్టేయండి.

రెండో ఏడు నాదీ అలాగే బిరుసెక్కింది. తెలివి ఉపయోగించి చిక్కటి గ్రీజు కూరాను, ఇంకా మొరాయించింది. మొత్తం తుడిచి పల్చటి నూనె ఒక్క చుక్క వేశాక దారికొచ్చింది.

దిశ మార్చే రింగుకి మధ్యలో లాక్ ఉంది, అక్కడ పెడితే మామూలు స్క్రూడ్రైవర్‌లా రెండు వైపులా తిప్పొచ్చు. మొండి స్క్రూని మొదట కదిలించడానికి, చివర్లో గట్టిగా బిగించడానికి దాన్నే వాడతాను. కానీ రింగు మరీ నున్నగా ఉంది, చేతికి తడి ఉంటే జారుతుంది.

లోతైన గుంటలో ఉన్న స్క్రూలకి ఇది పనికిరాదు. హోల్డర్ లావు, లోపలికి దూరదు. 50 మిల్లీమీటర్ల బిట్ పెడితే కొంత నయం. కరెంటు పనికి అసలు ముట్టను. పిడి ప్లాస్టిక్‌దే అయినా ఇన్సులేషన్ ఉన్నట్టు కాదు. దానికి 1000 వోల్టుల గుర్తున్నది వేరే ఉంది, అయినా మెయిన్ ఆపాకే పని.

ఈమధ్య పిడి అడుగున మూత వదులై బిట్లు రాలిపోతున్నాయి. ప్రస్తుతానికి రబ్బరుబ్యాండు చుట్టి వాడుతున్నాను.