సందక్‌ఫూ దగ్గర ఆగిపోకండి

డార్జిలింగ్ కొండల్లో ఉన్న సందక్‌ఫూ శిఖరానికి వెళ్లినవాళ్లలో చాలామంది అక్కడి నుంచే జీపెక్కి దిగిపోతారు. మా ఆయనా నేనూ మొదట అలాగే అనుకున్నాం. మా తమ్ముడు మాత్రం ఫాలుత్, గోర్ఖే మీదుగా శ్రీఖోలా వరకూ నడవాల్సిందేనని పట్టుబట్టాడు. మొత్తం ఆరు రోజుల నడక. వాడి మాట వినకపోయి ఉంటే ఈ దారిలో బాగున్న సగం మేం చూసేవాళ్లమే కాదు.

ఏప్రిల్ నెలాఖరులో హైదరాబాద్ నుంచి బాగ్డోగ్రాకి విమానంలో వెళ్లి, అక్కడి నుంచి జీపులో మానేభంజ్యాంగ్ చేరాం. డార్జిలింగ్ జిల్లాలో, సరిగ్గా నేపాల్ సరిహద్దు మీద ఉంటుంది ఆ ఊరు. గైడ్ లేకుండా నడవనివ్వరు. గైడ్లకి అక్కడే ఒక సంఘం ఉంది, రేటు కూడా వాళ్లే చెబుతారు, బేరాలుండవు. దారిలో సరిహద్దు దళం చెక్‌పోస్టులు చాలా ఉంటాయి కాబట్టి గుర్తింపు కార్డు ఒరిజినల్ దగ్గర పెట్టుకోవాలి. డబ్బు కూడా నోట్ల రూపంలోనే తీసుకెళ్లండి. పైన ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకుంటే ఇబ్బంది పడతారు.

మా గైడ్‌కి యాభై దాటాయి. మేమంతా ఆయన్ని దాజు అన్నాం, అంటే నేపాలీలో అన్నయ్య. ఆయన నన్ను బహినీ, అంటే చెల్లీ అని పిలిచేవాడు. నాకు మోకాలి నొప్పి ఉందని మొదటి గంటలోనే కనిపెట్టాడు. అప్పటి నుంచి నా వెనకే నడుస్తూ "బిస్తారై, బిస్తారై" అనేవాడు. మెల్లగా, మెల్లగా అని. సందక్‌ఫూ దాకా ఇప్పుడు సిమెంటు రోడ్డు పడింది. జీపులు పక్క నుంచే పోతుంటే నడకలో మజా తగ్గిపోతుంది. అందుకని దాజు వీలైన చోటల్లా మమ్మల్ని అడ్డదారిలో తీసుకెళ్లేవాడు. దాన్ని వాళ్లు చోర్ బాటో, దొంగదారి అంటారు. గైడ్‌కి ఇచ్చిన డబ్బుకి విలువ నాకు అక్కడే తెలిసింది.

మొదటి రాత్రి టుమ్లింగ్‌లో ఉన్నాం. అది నేపాల్ వైపు ఊరు, దాదాపు 2,970 మీటర్ల ఎత్తు. ఈ మొత్తం ప్రయాణంలో నాకు నచ్చిన రెండు బసల్లో ఇదొకటి. చెక్క గది, దళసరి రజాయిలు, పొయ్యి పక్కనే భోజనం. ఆకుకూరని పులియబెట్టి ఎండబెట్టి చేసే గుంద్రుక్ పులుసు పోశారు. ఆ పులుపుకి అన్నం రెండోసారి పెట్టించుకున్నాను. రెండో రోజు గైరీబాస్ దాటాక కాలాపోఖరి దాకా కొండ మొత్తం గురాస్ పూలే, అంటే రోడోడెండ్రాన్లు. ఎరుపు, గులాబీ, అక్కడక్కడా తెలుపు. ఆ పూల కోసమైతే ఏప్రిల్, కొండల కోసమైతే అక్టోబరు, నవంబరు. రెండూ ఒకేసారి దొరకడం మాత్రం అదృష్టమే. జూన్ 16 నుంచి సెప్టెంబరు 15 దాకా ఈ దారి ఉన్న సింగలీలా నేషనల్ పార్క్ మూసేస్తారు.

సందక్‌ఫూ 3,636 మీటర్లు, పశ్చిమ బెంగాల్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటు. ఎవరెస్టు, కాంచనగంగ, ల్హోత్సే, మకాలూ నాలుగూ అక్కడి నుంచి కనిపిస్తాయి. మాకు మబ్బే కనిపించింది. బస కూడా నిరాశే. వేరే గది ఇస్తామని ఏజెంటు డబ్బు ముందే తీసుకున్నాడు. తీరా వెళితే ఆరుగురు పడుకునే హాల్లో సర్దుకోమన్నారు. బకెట్టు వేడినీళ్లకి, ఫోన్ ఛార్జింగ్‌కి విడిగా లెక్క. ఆ రాత్రి చలికి, కోపానికి నిద్ర పట్టలేదు. ఏజెంటు ద్వారా వెళ్లేవాళ్లు గది సంగతి కాగితం మీద రాయించుకోండి.

పొద్దున్నే ఫాలుత్ వైపు కదిలాం. 21 కిలోమీటర్లు, మధ్యలో దుకాణం, హోటల్ ఏమీ లేవు. టిఫిన్, నీళ్లు మోసుకెళ్లాల్సిందే. కానీ ఆ ఒక్క రోజు కోసం మళ్లీ వెళ్లమన్నా వెళ్తాను. గడ్డి కప్పుకున్న కొండ వీపు మీద నడక, అటు నేపాల్, ఇటు మన దేశం. ఎండిపోయి నిలబడ్డ ఫర్ చెట్లు, వాటి మధ్య మేస్తున్న జడల బర్రెలు. మధ్యాహ్నం నాకు తల బరువెక్కింది. దాజు నడక ఆపించి, అరగంట కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, నా సంచి తనే తీసుకున్నాడు. ఫాలుత్‌లో బస అంటే వరస మంచాల గది, గాలి హోరు, అంతే. కానీ ఐదో రోజు తెల్లవారుజామున దాజు తలుపు తట్టి లేపాడు. మబ్బు విడిపోయింది. కాంచనగంగ ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఉంది. మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నేను ఏడ్చాను.

అక్కడి నుంచి గోర్ఖేకి దిగుడు పదిహేను కిలోమీటర్లు. గడ్డి పోయి వెదురు పొదలు, వెదురు పోయి పైన్ చెట్లు, చివరికి ఏటి చప్పుడు. ఏటికి అవతల సిక్కిం. దిగేటప్పుడు మోకాళ్లకి టెన్షనే, చేతికర్ర లేకుండా దిగొద్దు. నాకు నచ్చిన రెండో బస ఇక్కడే, ఒకరి ఇంట్లో. పెరట్లో కోసిన ఆకుకూర, చుర్పీ అనే అక్కడి చీజ్ వేసి వండిన నిగ్రో కూర. నిగ్రో అంటే చుట్టుకుని ఉండే లేత ఫెర్న్ చిగుళ్లు. మేం తీసుకెళ్లిన కరివేపాకు పొడి ఇంటావిడకి నచ్చింది. సీసా అక్కడే వదిలేసి వచ్చాను.

ఆరో రోజు సమందేన్, రమ్మామ్ మీదుగా శ్రీఖోలా. వేలాడే వంతెన దగ్గర దాజు నా సంచి నాకు తిరిగి ఇచ్చాడు. ఫాలుత్ దారిలో తీసుకున్నది, రెండు రోజులూ ఆయన భుజం మీదే ఉంది. ఒప్పుకున్న రేటు మీద ఇంకొంచెం కలిపి నేరుగా ఆయన చేతికే ఇచ్చాం. నవంబరులో మా చెల్లెలితో వస్తాను, మళ్లీ మీరే రావాలి అని అడిగాను. "ఫాలుత్‌లో రెండు రాత్రులు పెట్టుకో బహినీ" అన్నాడు.